మామయ్య బాణీ లేని పాట

మా మామయ్య బతికుండగానే జానపదమైపోయాడు. ఆ సంగతి మాకు మొదట చెప్పింది టీవీ. పాటల పోటీలో ఒక అమ్మాయి ఆయన పాట పాడింది. బాగా పాడింది. జడ్జీ సీట్లో ఉన్న పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని, ఇది మన పూర్వీకుల సొత్తు, ఎవరు కట్టారో తెలియదు, తరతరాలుగా జనం నాలుకల మీద బతుకుతోంది అని చెప్పాడు. ఆ సమయానికి ఆ పూర్వీకుడు రాజుపాలెంలో మా ముందుగదిలో కూర్చుని సాసర్లో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు.

"ఏందే, నేను సచ్చిపోయానంటనా?" అని మా అమ్మను అడిగాడు. అమ్మ ఆయనకు అక్క.

"సచ్చావనలా. ఎవరో తెలవదన్నాడు" అంది అమ్మ.

ఈ రెండింట్లో ఏది పెద్ద అవమానమో తేల్చుకోలేక ఆయన టీ చల్లార్చేసుకున్నాడు.

మామయ్యది మైకుసెట్టు వ్యాపారం. హారన్లు, ఆంప్లిఫయరు, సీరియల్ బల్బులు, ఒక టేప్‌రికార్డరు. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా, పార్టీ మీటింగయినా, చావయినా ఆయన మైకే కట్టాలి. పాటలు సొంతంగా కట్టి, తనే పాడి, తన టేప్‌రికార్డర్లోనే రికార్డు చేసుకునేవాడు. తర్వాత రెండు సినిమా పాటల మధ్య తన పాట ఒకటి దూర్చేవాడు. జనం వద్దన్నా వినక తప్పదు, ఎందుకంటే ఆ దరిదాపుల్లో మరో మైకుసెట్టు లేదు. ఒక కళాకారుడికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటుందని నేననుకోను.

ఆ పాటల్లో ఒకటి అంటుకుంది. చుక్కల చీర కట్టుకున్న పిల్లను చూసి ఒకడి మతిపోవడం అందులో విషయం. సాహిత్యం గురించి నా అభిప్రాయం ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు, ఇక ముందు కూడా చెప్పను. కానీ బాణీ మాత్రం ఒకసారి చెవిలో పడితే బయటికి పోదు. ముందు క్యాసెట్లు గుంటూరు దాకా వెళ్ళాయి. అక్కడ ఎవరో దానికి అయ్యప్ప మాటలు తొడిగారు. మరెవరో క్రిస్మస్ మాటలు తొడిగారు. కోలాటం వాళ్ళు పట్టుకున్నారు. పనులకు హైదరాబాదు పోయినవాళ్ళు తీసుకుపోతే కృష్ణ అవతలి వాళ్ళు తమ యాసలో పాడి, ఇది మాదే పొమ్మన్నారు. సినిమా వాళ్ళు రెండుసార్లు వాడారు, రెండోసారి వాడినవాళ్ళు మొదటివాళ్ళ మీద కేసు పెడతామన్నారు. కులం, మతం, పార్టీ తేడా లేకుండా తెలుగువాళ్ళంతా ఏకగ్రీవంగా దొంగిలించిన వస్తువు ఏదన్నా ఉందంటే అది మా మామయ్య బాణీ.

ఒక ఎన్నికల్లో రెండు పార్టీల ప్రచార రథాలు మా సెంటర్లో ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. రెండింట్లోనూ అదే బాణీ, నాయకుల పేర్లే వేరు. కర్రలు తీస్తారని మేమంతా తలుపులు దగ్గరికి వేసుకున్నాం. తీరా చూస్తే రెండు మైకులూ మూడో పాదం దగ్గర ఒకేసారి ఆగి, ఒకేసారి అందుకున్నాయి. పల్నాడులో ఆ రెండు పార్టీలూ ఒక విషయంలో కలిసి నడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ ఆగడమే అసలు సంగతి. మూడో పాదం చివరి మాటకు ముందు గొంతు ఉన్నట్టుండి ఆగుతుంది. ఒక నిండు ఊపిరంత సేపు ఏమీ ఉండదు. తర్వాత చివరి మాట దభీమని పడుతుంది. ఆయన పాటను ఎత్తుకుపోయిన వాళ్ళు మాటలు మార్చారు, తాళం మార్చారు, వేగం పెంచారు. ఆగుడు మాత్రం మార్చలేదు. అది తీసేస్తే పాట చప్పగా అయిపోతుంది. ఈకాలం డీజేలు దాన్ని డ్రాప్ అంటారు. అక్కడ డప్పులన్నీ ఆపేసి, కుర్రాళ్ళంతా చేతులు పైకెత్తి నిలబడితే, ఒక్కసారిగా బాక్సులు బద్దలయ్యేలా కొడతారు. "ఆ ఆగుడు నా సంతకం. దాన్ని పట్టుకునే నా పాటని యాడున్నా గుర్తుపడతా" అనేవాడు మామయ్య.

టీవీ చూసిన మర్నాడు ఆయన సెంటర్లో టీకొట్టు దగ్గర అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. ఇక మీదట తన బాణీ మోగిన చోట తాను క్షణం కూడా ఉండడట. అది పెళ్ళయినా సరే, చావయినా సరే. తనను ఎవరో తెలియదన్న లోకంలో తన పాట వినే ఖర్మ తనకు లేదన్నాడు. మా వైపు మగవాళ్ళు ఇంట్లో అన్న మాటను ఇంట్లోనే మర్చిపోతారు. టీకొట్టు దగ్గర అన్న మాటను మాత్రం కాటిదాకా మోస్తారు.

అక్కణ్ణుంచి మాకు కష్టాలు మొదలయ్యాయి. మాచర్ల బస్సులో డ్రైవరు పెన్‌డ్రైవ్ పెడితే మామయ్య పిడుగురాళ్ళ దాటగానే దిగిపోయి ఎండలో నడిచాడు. మంగలిషాపులో రేడియో మోగితే సగం గడ్డంతో లేచొచ్చాడు, ఆ సగం గడ్డంతోనే రెండు ఊళ్ళు తిరిగాడు. దగ్గరి బంధువు పోతే శవయాత్రకు డీజే పెట్టారు, ఈయన మట్టి వేయకుండానే వెనక్కి తిరిగాడు. పేకాటలో ఈయన గెలుస్తున్నాడనుకోండి, ఎవడో ఒకడి ఫోను మోగేది. అలా ఊరు ఊరంతా మామయ్యను లేపి పంపడానికి ఒక మీట కనిపెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయిది నడికుడి, రైల్వేలో పని. పెళ్ళి నరసరావుపేటలో, కల్యాణమండపంలో. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురిని పీటల దాకా నడిపించరు. వెదురు గంపలో వడ్లు పోసి, దాని మీద కూర్చోబెట్టి, మేనమామ మోసుకొస్తాడు. పక్కన ఇద్దరు ముగ్గురు చెయ్యి వేసినా, మొదటి చెయ్యి మేనమామదే. అమ్మకు ఒక్కడే తమ్ముడు. తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు.

నా బరువు నాకు తెలుసు కాబట్టి, నడిచే వస్తానని నేను మర్యాదగానే చెప్పాను. అమ్మ చింతపండు పిసుకుతూ తల ఎత్తకుండా జవాబిచ్చింది. "నడిచిరావడం గాదే. అంతమందిలో వాడు గంప వదిలేసి పోయాడంటే, నాకింక పుట్టిల్లు లేనట్టే" అంది. తర్వాత చారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ పూట మేమంతా మాట్లాడకుండా ఆ చారే తాగాం.

నిజం చెప్పాలంటే నాకూ ఆయనే కావాలి. నాకు మాటలు సరిగ్గా రాకముందే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మైకు నోటి దగ్గర పెట్టినవాడు ఆయన. ఈ లోకంతో నేను మాట్లాడిన మొదటి మాట "హలో మైక్ టెస్టింగ్". అలాంటి మనిషి లేకుండా నన్ను ఇంకెవరో మోసుకుపోవడం నాకిష్టం లేదు.

ఒట్టు తీసి గట్టున పెట్టమని బతిమాలితే మామయ్య వినలేదు. "పెళ్ళికొస్తా, గంపెత్తుతా. నా బాణీ మోగిందా, గంప యాడుంటే ఆడ దించేసి పోతా. తర్వాత నన్ననొద్దు" అన్నాడు. అంటే మాకు కావాల్సింది మామయ్య బాణీ లేని పాటలు. వినడానికి ఇది చాలా తేలిక పనిలా ఉంటుంది.

మగపెళ్ళివాళ్ళు మాట్లాడిన డీజే మాచర్ల సాయిబు. మామూలు రోజుల్లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ముహూర్తాల్లో డీజే కొడతాడు. విషయం విని నవ్వాడు. బాబాయ్‌కి ముందే ఒకసారి వినిపించి ఓకే చేయించుకుంటే సరిపోతుంది గదా అని ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మామయ్య వరండాలో నులకమంచం మీద కూర్చున్నాడు. చేతిలో కర్ర లేకపోయినా అచ్చం తీర్పు చెప్పే ముఖం.

మొదటి పాట పెట్టాడు. మూడో పాదం రాకముందే మామయ్య చెయ్యి ఎత్తి, "నాది" అన్నాడు. రెండోది కూడా నాదే అన్నాడు. మూడోది ఇంగ్లీషు ముక్కలతో కూడిన సినిమా పాట, చివర్లో ఆగింది, అదీ ఆయనదే. భక్తి పాట పెడితే దేవుడికి కూడా తనే రాసిచ్చానన్నాడు. తెలంగాణ పాట పెడితే యేరు దాటిపోయినంత మాత్రాన గుర్తుపట్టననుకున్నావా అన్నాడు. నగల షాపు ప్రకటన పెట్టాడు, మామయ్య నవ్వాడు, అది మంచి నవ్వు కాదు. నేను అడ్డం పడి ఒకటి రెండిట్లో ఆగుడు లేదని వాదించబోయాను. డీజే మళ్ళీ వేశాడు. ఉంది. నాకే చెవులు మూసుకుపోయినట్టున్నాయి, అప్పటిదాకా అది పాటల్లో ఉండే మామూలు సంగతే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం నాకు మొదటిసారి భయమేసింది. మా కాలంలో కుర్రకారు గంతులేసే పాటలు సగం పైగా మా వరండాలోనే పుట్టినట్టు తేలింది.

చివరికి డీజే ల్యాప్‌టాప్ మూసేశాడు. "ఇంక మిగిలింది మాచర్ల రైలుబండి కూతే బాబాయ్" అన్నాడు.

మామయ్య కాసేపు ఆలోచించాడు. "దాన్ని వదిలెయ్" అన్నాడు.

తాళి కట్టేదాకా డీజే బాక్సులు తెరవకూడదని తీర్మానించాం. సన్నాయి మేళం వాళ్ళకు పాత కీర్తనలు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. పొద్దున్నే వీధిలో తిరిగే చెత్త ఆటో పాటలోనూ ఆ ఆగుడుందని మా చిన్నాన్న కనిపెట్టాడు, ఆటోను వీధి చివరే ఆపడానికి తనే నిలబడతానన్నాడు. మగపెళ్ళివాళ్ళ ఫోన్లు సైలెంటులో పెట్టించాం. పెళ్ళికొడుకు రింగ్‌టోన్ మామయ్య బాణీయే అని తెలిసి నేనే ఫోన్ చేసి మార్పించాను. మా ఇద్దరి మధ్య పెళ్ళికి ముందు జరిగిన ఏకైక ప్రేమ సంభాషణ అది.

మేము చెప్పడం మర్చిపోయింది ఒక్క జట్టుకే. మర్చిపోయామని కూడా అనలేను, ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. మా అమ్మమ్మతో కలిసి మిరప కోతలకు పోయిన ఆడవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. అమ్మ పట్టుబట్టి వాళ్ళకోసం ఆటో పంపింది. వాళ్ళొచ్చి మండపం వెనక వరసలో కూర్చుని, వక్క నములుతూ, మగపెళ్ళివాళ్ళ చీరల మీద వినపడేట్టుగానే అభిప్రాయాలు చెప్పుకున్నారు. వాళ్ళ దగ్గర ఫోన్లు లేవు, బాక్సులు లేవు. వాళ్ళ వల్ల ప్రమాదం ఉంటుందని ఎవరనుకుంటారు?

పొద్దున పదింటి ముహూర్తం. నన్ను గంపలో కూర్చోబెట్టారు. చేతిలో కొబ్బరిబోండాం, భుజం మీదుగా పూలజడ, కింద వడ్లు గుచ్చుకుంటున్నాయి. మామయ్య తెల్ల పంచె కట్టుకుని, తువ్వాలు తలకు చుట్టుకుని, వంగి గంప అంచు పట్టుకున్నాడు. ఎదురుగా అమ్మ నా జడ సర్దుతోంది. సన్నాయి వాయించేవాడు గుక్క తిప్పుకోవడానికి ఆగి, సన్నాయి పీక ఊడదీసి తుడుచుకుంటున్నాడు. మండపంలో ఆ కాసేపు మేళం లేదు.

గంప మీద చేతులు పడటం వెనక వరసలో ముసలమ్మలు చూశారు. అంతే, అందులో ఒకావిడ అందుకుంది, తక్కినవాళ్ళు కలిశారు. ఎవరూ వాళ్ళను పాడమనలేదు. గంప ఎత్తుతుంటే పాడటం వాళ్ళకు ఊపిరి పీల్చడంతో సమానం.

ఎండకు పండింది ఎర్ర మిరపమ్మా
ఏరి ఏరి నా వేళ్ళు మండెనమ్మా
చెయ్యేసి ఎత్తవే వదిన... గంపమ్మా

చుక్కల చీర లేదు, పిల్లా లేదు. బాణీ మాత్రం అదే. ఆగుడుతో సహా.

గంప అంచు మీద నుంచి మామయ్య చేతులు లేచిపోయాయి. ఆయన నిటారుగా నిలబడి తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. మండపంలో తలలన్నీ మా వైపు తిరిగాయి. మా వాళ్ళందరికీ ఒట్టు సంగతి తెలుసు, అప్పటికి మగపెళ్ళివాళ్ళకూ తెలిసింది. మా చిన్నాన్న వీధి చివర చెత్త ఆటో ముందు చేతులు చాపి నిలబడి ఉన్నాడు, ఇక్కడ కొంప మునిగిందని ఆయనకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆ బోండాం విసిరి కొడదామనుకున్నాను.

అమ్మ మామయ్య మోచెయ్యి పట్టుకుంది. అరవలేదు. వాళ్ళిద్దరి మధ్య గంపలో నేనున్నాను కాబట్టి నాకొక్కదానికే వినపడింది.

"ఒరేయ్, వాళ్ళు నీ పాట పాడట్లా. అమ్మ పాట పాడతన్నారు."

"బాణీ నాదే గదక్కా."

"ఆ ఆగుడు నీదారా? గంప నెత్తికెత్తుకునేప్పుడు అమ్మ ఊపిరి బిగబట్టేది. పక్క మనిషి చెయ్యేసిందాకా మాట వచ్చేది గాదు. నువ్వు గట్టు మీద కూచోని ఇనేవోడివి. అప్పటికి నీకు లాగు కూడా లేదు."

వెనక వరసలో మళ్ళీ మొదటి పాదం ఎత్తుకున్నారు.

"మైకు నీదే గదా, పోనీలెమ్మని ఇన్నాళ్ళూ ఊరుకున్నా" అంది అమ్మ. "ఎవరో తెలవదంటే నీకు అంత నొప్పి పుట్టింది. మరి అమ్మకో?"

కోతల్లో నిండిన గంపను ఒంటి మనిషి నెత్తికెత్తుకోలేదు. పక్క సాలులో ఉన్న మనిషిని రమ్మని పిలవాలి, ఆ పిలుపే ఆ పాట. ఇద్దరూ వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి లేపుతారు. గంప నెత్తి మీద కుదురుకున్నాక చివరి మాట బయటికొస్తుంది. ఇదంతా నేను తర్వాత ముసలమ్మలను అడిగి తెలుసుకున్నాను. డీజే ముందు కుర్రాళ్ళు చేతులెత్తి నిలబడే చోట మా అమ్మమ్మ మిరపకాయలు ఎత్తుకునేది.

మామయ్య అక్కడ నిలబడి ఏం లెక్క వేసుకున్నాడో నాకు తెలియదు గానీ, ఆయన ముందు రెండే దారులున్నాయి. పాట తనదే అంటే మాట కోసం వెళ్ళిపోవాలి. ఉండాలంటే పాట వదులుకోవాలి. ఆయనకు ఈ లోకంలో ఆస్తి అని చెప్పుకోదగ్గది ఆ పాట ఒక్కటే. మైకుసెట్టు ఎప్పుడో తుప్పు పట్టింది. నాకు ఆ క్షణంలో ఆయన మీద జాలేసింది. ఫర్వాలేదు మామయ్యా, పో, నేను నడుస్తాలే అని చెప్పబోయాను.

ఆయన తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. మండపం వైపు తిరిగి, మైకు అవసరం లేని తన గొంతుతో, "ఆ పాట మా అమ్మది. నేను కట్టలా. మా అమ్మ కట్టింది" అన్నాడు. తర్వాత వంగి గంప పట్టుకుని, "ఊఁ, చెయ్యెయ్యండి" అన్నాడు.

ముసలమ్మలు మూడో పాదం దాకా వచ్చారు. గొంతులు ఆగాయి. ఆ ఆగుడులో నేను నేల మీంచి లేచాను.

మామయ్య ఏడ్చాడు. బరువుకు ఊపిరి బిగబట్టినందువల్ల కళ్ళలో నీళ్ళొచ్చాయని తర్వాత ఆయన వాదన. నా బరువును అడ్డం పెట్టుకుని ఆయన పరువు కాపాడుకోవడం నాకు నచ్చలేదు, కానీ ఎదురు చెప్పలేదు. అమ్మ గంప పక్కనే నడుస్తూ పీటల దాకా పాడింది. అమ్మ పాడగా వినడం నాకదే మొదలు. శ్రుతి లేదు.

ఒట్టు తీరిపోయింది కాబట్టి మామయ్య శాంతించాడనుకుంటారేమో. ఇదివరకు తన పాట ఒక్కటే అడిగేవాడు, ఇప్పుడు తల్లి తరఫున దేశం మొత్తం అడుగుతున్నాడు. టీవీలో ఎవరు ఏ పాట పాడినా మూడో పాదం దాకా ఓపిగ్గా ఆగుతాడు. ఆగుడు వచ్చిందా, "ఎవరో తెలవకపోవడమేందిరా" అని అరిచి, మా అమ్మమ్మ పేరు ఇంటిపేరుతో సహా చెప్తాడు. పేకాటలో ఫోను మోగితే లేవడం లేదు. ముక్కలు బోర్లా పెట్టి, ఆ పాట ఎవరిదో కథ మొత్తం చెప్పి, తర్వాత ఆట గెలుస్తున్నాడు. ఇప్పుడు లేచిపోయేది మిగతావాళ్ళు.

నేను నడికుడి నుంచి నరసరావుపేటకు రోజూ బస్సులో వెళ్తాను. డ్రైవరు పెట్టే పాటల్లో ఆ ఆగుడు వస్తూనే ఉంటుంది. అది వచ్చినప్పుడు నా చెయ్యి దానంతటదే ముందు సీటు కమ్మీని పట్టుకుంటుంది. ఎవరో ఊపిరి బిగబట్టి నన్ను ఎత్తబోతున్నట్టుంటుంది. చివరి మాట పడేదాకా నేను వదలను.